వీధి వైపు సూర్యుడు

రిటైర్డు సూపరింటెండెంటు గారి డాబా మీద సోలారు పలకలు బిగించే విషయమై ఒక మంగళవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ఫైలు తెరవబడింది. తెరిచినవారు సూపరింటెండెంటు గారే. రికార్డుల ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, చివరి పదకొండేళ్ళూ ఒక్క కాగితం పోకుండా, ఒక్క కాగితం కదలకుండా కాపాడిన ఘనత ఆయనది. రిటైరయ్యాక ఇంట్లో ఫైలు తెరవదగ్గ విషయం దొరకడం ఇదే మొదలు. అందుకని కొత్త అట్ట, ఎర్ర తాడు, స్టాంపు ప్యాడు కూడా కొన్నారు.

నిజం చెప్పాలంటే సోలారు కావాలని అడిగింది ఆయన కాదు, ఆయన భార్య. వాళ్ళింటి ముందు గదిలో మూడు కరెంటు కుట్టు మిషన్లున్నాయి. ఒకదాని మీద ఆవిడ, మిగతా రెంటి మీద జీతానికి పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు పొద్దుణ్ణుంచి కుడుతూనే ఉంటారు. ఒక సెక్యూరిటీ కంపెనీ వాళ్ళు ఆవిడకి ఆరు వందల చొక్కాలు పురమాయించారు. భుజాల మీద పట్టీలు, రెండు జేబులు, జేబుకో మూత. రెండు నెలల్లో అన్నీ అందిస్తే ఇకమీదట ఏటేటా కంపెనీ చొక్కాలన్నీ ఆవిడకే ఇస్తామన్నారు. ఒక్కరోజు ఆలస్యమైనా ఇంకెవరికైనా ఇచ్చుకుంటామన్నారు. పాతికేళ్ళుగా పక్కింటివాళ్ళ జాకెట్లు, అంచులూ కుట్టి కళ్ళు పాడుచేసుకున్న మనిషికి తన పేరున ఒక బోర్డు, తనదంటూ ఒక వ్యాపారం పెట్టుకునే అవకాశం ఇదొక్కటే. దానికి అడ్డం కూడా ఒక్కటే. రోజూ మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదింటి దాకా ఆ వీధిలో కరెంటు ఉండదు.

అందుకని ఆవిడ ఆరేళ్ళుగా దాచుకున్న డబ్బంతా బయటికి తీసింది. డబ్బు ఆవిడది. ఇల్లూ, కరెంటు మీటరూ మాత్రం ఆయన పేరున ఉన్నాయి. కాబట్టి దరఖాస్తు మీద సంతకం ఆయనదే కావాల్సొచ్చింది. ఈ ఏర్పాటులో విచిత్రమేమీ లేదని పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

పలకలు బిగించే మేస్త్రీ వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నవాడు. డాబా ఎక్కి టేపు పెట్టి కొలిచాడు. నీళ్ళ ట్యాంకు నీడ ఎంత దూరం పడుతుందో చూశాడు. స్లాబు మీద మడమతో రెండు దెబ్బలు కొట్టి, బరువు మోస్తుందన్నాడు. దుమ్ము కడగడానికి మనిషి నడిచే దారి వదలాలన్నాడు. ఆవిడ ఒకే ఒక్క మాట అడిగింది.

"ఇవన్నీ నాకు తెలీవు బాబూ. మధ్యాహ్నం కరెంటు పోయినా నా మిషన్లు తిరగాలి. అంతే నాక్కావల్సింది."

"అయితే బ్యాటరీ తప్పదమ్మా," అన్నాడు మేస్త్రీ. "బ్యాటరీ లేకపోతే బయట లైను పోగానే సోలారూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసేవాడికి షాకు కొట్టకూడదని అలా పెడతారు. పలకలు కొంచెం తగ్గించుకున్నా ఫర్వాలేదు, బ్యాటరీ మటుకు మానొద్దు."

ఆవిడ సరేనని చెప్పి, బట్ట కొనడానికి బజారుకెళ్ళింది. ఆ వెళ్ళడమే పొరపాటైంది.

మేస్త్రీ దక్షిణం ఎటో చూసి, వెనక సందు వైపు చెయ్యి చూపించాడు. పలకలు అటు తిరగాలట, కొద్దిగా వాలుగా. సూపరింటెండెంటు గారు పిట్టగోడ మీంచి ఆ వెనక్కి తొంగి చూశారు. పక్కవాళ్ళ పెచ్చులూడిన గోడ, మురిక్కాలువ, కాలు విరిగిన కుర్చీ, దాని మీద నిద్రపోతున్న పిల్లి కనబడ్డాయి.

"ఇటువైపు ఎవరుంటారయ్యా?"

"సూర్యుడుంటాడండీ."

"ఆయన సరే. ఆయన కాక?"

"ఇంకెవరూ ఉండరండీ."

సూపరింటెండెంటు గారు నిట్టూర్చారు. ఇంత ఖర్చు పెట్టి పిల్లికి చూపించుకోవడం ఆయనకు ససేమిరా ఇష్టం లేదు. ముందు వైపుకి నడిచి వీధిని చూశారు. ఎంత నిండుగా ఉంది! ఎదురుగా పళ్ళ డాక్టరు గారి మేడ. వీధి చివర బస్టాపు, అక్కడ మరో పనేమీ లేక నాలుగు దిక్కులూ చూస్తూ నిలబడ్డ జనం. ఆయన రికార్డుల ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఆయన పని ఒక్కరికీ కనబడలేదు. కనబడ్డానికి అక్కడ పనేం జరిగిందని కొందరనేవారు, అది వేరే సంగతి. ఇప్పుడైనా నలుగురి కంట్లో పడాలని ఆయన మనసు గట్టిగా కోరుకుంది.

"పలకలు ఇటు తిప్పు," అన్నారు.

"ఇటు ఉత్తరం కదండీ! సూర్యుడు దక్షిణాన ఉంటాడు."

"చూసేవాళ్ళు ఉత్తరాన ఉంటారు."

మేస్త్రీ మళ్ళీ టేపు తీశాడు. ఉత్తరం వైపు తిప్పినా పడుకోబెట్టి బిగిస్తే కొంత నయమన్నాడు. పడుకోబెడితే కింద నుంచి ఏం కనబడతాయని సూపరింటెండెంటు గారు కోప్పడ్డారు. బస్టాపు దాకా కనబడాలంటే ఎత్తైన ఇనప చట్రం కావాలి, పలకలు దాదాపు గోడలా నిలబడాలి. ఆ చట్రానికి ఎంతవుతుందని అడిగితే మేస్త్రీ లెక్క కట్టి, సరిగ్గా బ్యాటరీకి అయ్యేంత అన్నాడు. సూపరింటెండెంటు గారు ఫైల్లో బ్యాటరీ అన్న మాట కొట్టేసి, పైన చట్రం అని రాసి, పక్కన పొట్టి సంతకం చేశారు.

"సగం కరెంటు కూడా రాదండీ. అమ్మగారు ఒప్పుకుంటారా?"

"రాబడి తర్వాత చూద్దాం. ముందు మర్యాద."

ఇది తన ఇష్టప్రకారమే జరిగిందని కాగితం రాసిస్తే తప్ప పని ముట్టుకోనన్నాడు మేస్త్రీ. సూపరింటెండెంటు గారు సంతోషంగా రాసిచ్చారు, అడక్కపోయినా స్టాంపు కూడా వేశారు. ఎన్నాళ్ళకో ఆ స్టాంపుకి పని దొరికింది.

పలకలు నిలబడ్డ రోజున భార్య డాబా ఎక్కి, చుట్టూ చూసి, "బ్యాటరీ ఏదండీ?" అని అడిగింది.

"అది రెండో విడతలో పరిశీలించబడుతుంది."

"ఎవరు పరిశీలిస్తారు?"

"నేనే."

ఆవిడకి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందొచ్చింది. "ఆరేళ్ళు కడుపు కట్టుకుని దాచాను. నా మొహాన ఇనప కమ్మీలు నిలబెట్టారా!" అంది. ఆయన శాంతంగా విని, ఈ అభ్యంతరాన్ని ఫైల్లో నమోదు చేస్తానని మాటిచ్చారు. చేశారు కూడా.

ఇక వీధి సంగతి. వీధి నోరెళ్ళబెట్టింది. బస్టాపులో జనం బస్సు నంబరు చూడ్డం మానేసి డాబా చూశారు. ఇద్దరు బస్సు ఎక్కలేకపోయారు. వారం తిరక్కుండా వీధి సంక్షేమ సంఘం వారు సూపరింటెండెంటు గారికి ఆయన గేటు ముందే ప్రశంసాపత్రం ఇచ్చే సభ పెట్టారు. మైకు కోసం ఆ ఇంట్లోంచే తీగ లాగారు. సంఘం అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా! సూర్యుడు పుట్టినప్పటి నుంచీ ఉన్నాడు. కానీ మన వీధిని ఆయన ఎప్పుడైనా పట్టించుకున్నాడా? ఆ సూర్యుణ్ణి చెయ్యి పట్టుకుని మన వీధికి తీసుకొచ్చిన మహనీయులు ఈ సూపరింటెండెంటు గారు! నేటి నుంచి మన వీధికి చీకటి లేదు, కోత లేదు..."

సమయం రెండున్నర. మైకు టక్కున ఆగిపోయింది. డాబా మీద పలకలు ఎప్పటిలాగే వీధి వైపు హుందాగా చూస్తున్నాయి. అధ్యక్షుడు ఏమాత్రం తొణక్కుండా వట్టి గొంతుతో, కోతలేని భవిష్యత్తు గురించి మరో ఇరవై నిమిషాలు మాట్లాడాడు. జనం చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి ఆవిడ బయటికొచ్చింది. చేతిలో ఒంటి చెయ్యి చొక్కా. రెండో చెయ్యి అతుకుతుండగా సూది మధ్యలో ఆగిపోయింది.

"అయ్యా అధ్యక్షుడు గారూ! గడువు నలభై రోజులుంది, ఇంకా నాలుగొందల పది చొక్కాలు కుట్టాలి. ఈ ప్రశంసాపత్రం పెడితే మిషను తిరుగుతుందా?"

"అమ్మగారు భలే చమత్కారులు!" అన్నాడు అధ్యక్షుడు. మళ్ళీ చప్పట్లు. దంపతుల్ని పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీశారు. అందులో ఆయన నవ్వుతున్నారు, ఆవిడ చొక్కా పట్టుకుని ఉంది. కింద 'సూర్యశక్తికి కుటుంబ సహకారం' అని అచ్చు వేసి సంఘం నోటీసు బోర్డుకి అంటించారు.

ఆ ఫోటో చూసి ఎదురింటి పళ్ళ డాక్టరుకి కళ్ళు కుట్టాయి. రోజూ తన బాల్కనీలోకి రాగానే ఆ పలకలు మొహాన కనబడటం ఆయనకు అవమానంగా తోచింది. అదే మేస్త్రీని పిలిచి, సూపరింటెండెంటు గారి పలకలకన్నా రెండెక్కువ కావాలని, అన్నీ వీధి వైపే తిరిగి ఉండాలని ఆజ్ఞాపించాడు. ఆయన ఇల్లు వీధికి అటు పక్కది. ఆయనకు వీధి అంటే దక్షిణమే. పన్ను మధ్యలో మిషను ఆగిపోతే పేషెంటు ఊరుకోడు కనుక బ్యాటరీ కూడా పెట్టించమన్నాడు. మర్చిపోవద్దని పదేపదే చెప్పాడు, "వీధి వైపే సుమా!" అని. మేస్త్రీ ఈసారి కాగితం రాసివ్వమని అడక్కుండానే యజమాని చెప్పినట్టే చేసి, చక్కగా పని పూర్తి చేసి వెళ్ళాడు.

మర్నెల బిల్లులొచ్చాయి. డాక్టరు గారి బిల్లు సున్నాకి దిగింది. సూపరింటెండెంటు గారి బిల్లు పాత బిల్లుకి తోబుట్టువులా ఉంది. డాక్టరు ఇది తాను కొన్న పలకల నాణ్యత అని నలుగురికీ చెప్పుకున్నాడు. సూపరింటెండెంటు గారి పలకల వీపు మాత్రం పొద్దస్తమానం ఎండలో కాగేది. భార్య తడిబట్టలు ఆ చట్రానికి వెనక ఆరేసేది. గంటలో ఆరిపోయేవి. అంత ఖరీదైన దండెం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు.

సూపరింటెండెంటు గారికి తల కొట్టేసినట్టయింది. కానీ చేతిలో కలం ఉన్న మనిషి ఊరికే ఉంటారా? విద్యుత్ కార్యాలయానికి అర్జీ రాశారు. "ఒకే వీధి, ఒకే ఆకాశం, ఒకే నెల. అయినను ఎదుటి వరుసకు పూర్తి వెలుతురు, మా వరుసకు అరకొర వెలుతురు అందుచున్నది. ఇట్టి పక్షపాతమునకు కారణము విచారించి, వెలుతురును ఇరువరుసలకు సమానముగా పంచవలసినదిగా ప్రార్థన." ఆఫీసు వారు నవ్వలేదు. అర్జీకి నంబరు వేశారు. ఇరవై రోజుల్లో జవాబొచ్చింది. "సూర్యుడు ఈ కార్యాలయ పరిధిలోకి రాడు. మీ అర్జీ తగు చర్య నిమిత్తము సంబంధిత విభాగమునకు పంపబడినది." ఏ విభాగమో రాయలేదు. ఆ జవాబు చదివి సూపరింటెండెంటు గారికి ప్రాణం లేచొచ్చింది. మంచి భాష, మంచి స్టాంపు. ఫైల్లో పెట్టుకున్నారు.

భార్య మటుకు జవాబు కోసం ఆగలేదు. డాక్టరు గారి బిల్లు సంగతి తెలిసిన మర్నాడే వీధి దాటి, ఆ ఇంట్లోనే ఉండే డాక్టరు అత్తగారిని కలిసింది. "పిన్నిగారూ, మీ వెనక గది ఖాళీగా ఉంది కదా. గడువు తీరేదాకా నా మిషన్లు పెట్టుకోనిస్తారా? ఎంత అద్దెంటే అంతిస్తాను."

"అద్దె ఎందుకమ్మా," అందావిడ. "మా అల్లుడు కరెంటు మిగిలిపోతోందని ఊరంతా చాటుతున్నాడు. కాస్త నువ్వు వాడిపెట్టు. తీరికున్నప్పుడు మా కర్టెన్లకి అంచులు వేద్దువుగాని."

మూడు మిషన్లూ వీధి దాటాయి. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ దాటారు. మధ్యాహ్నం రెండున్నరకి వీధి వీధంతటికీ కరెంటు పోయేది. ఆ వెనక గదిలో మటుకు మిషన్లు ఆగేవి కావు. గడువుకి ఒకరోజు ముందే ఆరు వందలో చొక్కాకి ఆఖరి గుండీ పడింది. కంపెనీ మనిషి వచ్చి, కుట్టు తిరగేసి చూసి, ఏడాది కాగితం మీద అక్కడే సంతకం పెట్టాడు. ఆవిడ ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకుంది. ప్రతిసారీ తన పేరు దగ్గర ఆగింది. అప్పుడు మటుకు ఏడుపే ముందొచ్చింది.

ఆ వెనక గదినే అద్దెకి మాట్లాడుకుని, బోర్డు రాయించుకొచ్చింది, తన పేరుతో. డాక్టరు గారి గేటుకి పెట్టబోతుంటే సూపరింటెండెంటు గారు పరుగున వచ్చారు.

"ఇదేం పనే! పరాయి గేటుకా? నలుగురూ ఏమనుకుంటారు? మనింటి ముందు, వీధి వైపు పెట్టాలి. కనబడాలి కదా!"

"బోర్డు మీరే ఉంచుకోండి," అందావిడ. "మిషన్లు నేనుంచుకుంటాను."

అలాగే జరిగింది. బోర్డు ఆయన గేటుకి, మెరిసే అక్షరాలతో, వీధికి ఎదురుగా వేలాడుతోంది. అది చూసి వచ్చినవాళ్ళకి సూపరింటెండెంటు గారు రోజూ కుర్చీలోంచి లేచి, "ఇక్కడ కాదండీ, ఎదురింట్లో, వెనక గది" అని దారి చూపిస్తారు. వచ్చినవాళ్ళ పేర్లు ఒక రిజిస్టరులో రాసుకుంటారు. ఆ పని ఆయనకు బాగా నచ్చింది.

పోయిన ఆదివారం సంఘం ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. వీధి అందం చెడకుండా ఇకమీదట రెండు వరుసల వాళ్ళూ పలకల్ని వీధి వైపే బిగించుకోవాలి. సూపరింటెండెంటు గారి వరుసలో ఇప్పటికి తొమ్మిది ఇళ్ళవాళ్ళు చట్రాలు లేపారు. అందరి బిల్లులూ మామూలుగానే వస్తున్నాయి, అందరి బట్టలూ తొందరగా ఆరుతున్నాయి.

మీరు నవ్వుతున్నారు, నవ్వండి. నవ్వడం అయ్యాక లేచి మీ ఇంటి వెనక్కొకసారి వెళ్ళి, పోయినసారి రంగులు వేయించినప్పుడు ఆ వెనక గోడకి ఎన్ని పూతలు వేయించారో చూసి రండి. మేం ఇక్కడే, వీధిలోనే ఉంటాం. ముందు గోడ చాలా బాగుందండీ.