బెల్ కొట్టని ఇల్లు

"తలుపుకు గడియ పెట్టుకుంటే మీ సొమ్మేం పోయింది?" హ్యాండ్‌బ్యాగులో టిఫిన్ డబ్బా కుక్కుకుంటూ ఇల్లాలు మళ్లీ అడిగింది.

"గడియ పెడితే కథెలా వస్తుందే?" అన్నాడు భర్త.

టీవీలో వారం వారం వచ్చే హాస్య సీరియల్ రాసేది ఆయనే. అందులో ఎవరూ బెల్ కొట్టరు. పక్కింటివాళ్లు సరాసరి వచ్చి సోఫాలో కూలబడతారు. ఒక్క మాటతో తేలిపోయే గొడవను, ఆ ఒక్క మాట ఎవరూ అనకుండా అరగంట సాగదీస్తారు. కనిపించని జనం అడుగడుక్కీ పగలబడి నవ్వుతారు. వచ్చే వారానికి పగిలిన పూలకుండీతో సహా అన్నీ యథాస్థానంలో ఉంటాయి.

సాయంత్రంలోగా కొత్త ఎపిసోడ్ పంపకపోతే సీరియల్ ఇంకొకరికి ఇచ్చేస్తానని నిర్మాత తేల్చి చెప్పాడు. రచయితగారి బుర్ర చూస్తే ఊడ్చిన గదిలా ఉంది.

"తలుపు తీసి ఉంచితే తమాషా దానంతటదే నడిచొస్తుంది."

"నడిచొచ్చేది దొంగైతే?"

"ఇంకా మంచిది!"

ఇల్లాలు తల కొట్టుకుని ఆఫీసుకు వెళ్లిపోయింది.

తమాషా నిజంగానే వచ్చింది. పాత సామాను తీసుకెళ్లమని పై వాటావాళ్లు పిలిచిన మనుషులిద్దరు, తెరిచిన తలుపు కనబడగానే లోపలికొచ్చేశారు.

"సామాను ఇక్కడేనా సార్?"

"పైన" అంటే సరిపోయేది. ఆయన అనలేదు. కళ్లు మెరిశాయి. కంప్యూటర్ ముందు కూర్చుని టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. మౌనం అర్ధాంగీకారమనుకుని వాళ్లు సోఫా మీద చెయ్యేశారు.

"నేనూ పాతదాన్నే నాయనా, నన్నూ మోసుకెళ్తారా?" అంటూ సోఫాలోంచి అత్తగారు లేచింది. కొడుకు కొత్త సోఫా కొంటున్నాడని మురిసిపోయింది కూడా. భోజనాల బల్ల, బీరువా గుమ్మం దాటడం చూసిన పక్కింటావిడ, వీళ్లు ఖాళీ చేస్తున్నారని ఇంటి ఓనరుకు ఫోన్ చేసింది. ఓనరు ఆదరాబాదరాగా అద్దెకు దిగేవాళ్లను వెంటబెట్టుకొచ్చి వంటగది చూపించసాగాడు. అక్కణ్ణుంచే ఇల్లాలికి ఫోన్ చేసి, "చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడమేంటమ్మా?" అని నిష్ఠూరమాడాడు.

ఆవిడ పరుగున వచ్చేసరికి హాలు బోసిగా ఉంది. భర్త పెదాల మీద వేలు పెట్టుకుని ఎదురొచ్చాడు.

"నోరెత్తావంటే నా మీద ఒట్టే! ఎపిసోడ్ బంగారంలా వచ్చింది. స్నానం చేసొచ్చి పంపించేస్తా."

ఆయన బాత్‌రూమ్‌లో దూరగానే సామాను మోసే మనుషులు అడిగారు: "అమ్మా, ఈ కంప్యూటరూ, దాని బల్లా కూడానా?"

ఆవిడ నోరు తెరిచింది. ఒట్టు గుర్తొచ్చింది. మూసుకుని, పక్కకు జరిగి దారిచ్చింది.

"నా కంప్యూటరేదే?" నీళ్లోడుతూ వచ్చిన భర్త కేక పెట్టాడు. "ఎపిసోడంతా అందులోనే ఉంది! చెప్పొద్దా వాళ్లకి?"

"ఒట్టేశారుగా."

"పైన! సామాను పైనయ్యా!" అని అరుస్తూ ఆయన తువ్వాలుతోనే, సామాను ఎక్కించుకుని కదిలిన వ్యాను వెంట పడ్డాడు. కిటికీల వెనక కనిపించని జనం పగలబడి నవ్వారు.

"మేం ఖాళీ చెయ్యట్లేదండీ," అంది ఇల్లాలు ఓనరుతో. ఆ ఒక్క మాటతో వంటగది ఖాళీ అయింది. తర్వాత తలుపు మూసి గడియ పెట్టి, అత్తగారి వైపూ, అప్పుడే కాలేజీ నుంచి వచ్చి నోరెళ్లబెట్టిన కూతురి వైపూ తిరిగింది.

"ఇకనుంచి ఈ ఇంట్లోకి ఎవరొచ్చినా బెల్ కొట్టే రావాలి. ఇంట్లోవాళ్లయినా సరే," అని నెమ్మదిగా చెప్పింది.

కాసేపటికి బెల్ మోగింది. ఆగకుండా మోగింది.

"మావాడేమోనే, తియ్యవే," అంది అత్తగారు.

"కంగారెందుకత్తయ్యా, వచ్చే వారానికి అన్నీ వాటంతటవే సర్దుకుంటాయిగా."