జొన్న మొక్కల ఉపవాసం

అనావృష్టితో లోకాలు అల్లాడిన వేళ తన దేహం నుండే శాకాలను మొలిపించి ప్రాణికోటి ఆకలి తీర్చిన శాకంభరీ మాతకు ముందుగా సాష్టాంగ నమస్కారం. ఆ తల్లి చల్లగా చూస్తే ఎండిన ఆకును గురించిన కథ కూడా పచ్చగానే సాగుతుంది.

లాల్‌దర్వాజాలో ఉండే విశ్వేశ్వర్ గారు పత్తర్‌గట్టిలోని బట్టల దుకాణాన్ని కొడుకుకు అప్పగించి, పురాణపఠనంలో కాలం గడుపుతున్న పెద్దమనిషి. ఆ సోమవారం ఉదయం ఆయన సంకల్పం స్వల్పమైనది: జపం, ఫలహారం, ఒక కునుకు. ఇంతలో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న మనవరాలు పూజిత ఆయనను మిద్దె మీదికి పిలిచింది. కాలేజీలో మొక్కలు పెంచే గది మరమ్మతులో ఉన్నందున తన జొన్న కుండీలను ఆమె అక్కడ రెండు వరుసలుగా పేర్చింది.

"తాతా, ఎడమ వరుసకు రోజూ కుండీకొక గ్లాసు నీళ్లు. కుడి వరుసకు చుక్క గూడ వద్దు. గురువారం వచ్చి రెండిటి ఆకులు తెంపుకపోత."

"అయ్యో, గవేం పాపం జేసినయే?"

"నీళ్ల దూప కాకపోతే వాటి గుట్టు బయటపడది తాతా. నీళ్లు లేవని తెలియంగనే వేరు ఆకుకు కబురంపుతది. ఆకు తన రంధ్రాలు మూసుకుంటది. అప్పటిదాక నిద్రవోయిన జన్యువులు లేస్తయ్. ఏవి లేచినయో పక్క వరుసతోని పోల్చి చూడాలె. ఒక్కటి ఖరాబైనా మల్ల విత్తనం కాడికెల్లి షురూ. ఇన్ని నెలల కష్టం నీ చేతుల పెడుతున్న!"

"ఫికర్ చెయ్యకు బిడ్డా," అని విశ్వేశ్వర్ గారు గుండె మీద చేయి వేసుకొన్నారు.

మరునాడు వడియాలు ఎండబెట్టడానికి మిద్దె ఎక్కిన ఆయన భార్య నాగమణమ్మ, ఎడమ వరుసకు నీళ్లు పోస్తున్న భర్తను, ఆకులు చుట్టుకుపోయిన కుడి వరుసను చూచి నిర్ఘాంతపోయింది.

"ఏందయ్యా ఇది? పంక్తిల కూసోవెట్టి సగం మందికే వడ్డిస్తవా? ఇన్ని పురాణాలు చదివి పంక్తిభేదమా!"

"అది కాదే, వేరు ఆకుకు కబురంపుతది..."

"ఏమని? గీ ముసలాయన సంపుతున్నడనా?"

ఆమె అక్కడున్న నీళ్ల చెంబు అందుకొని కుడి వరుస మీద వంచబోయింది. విశ్వేశ్వర్ గారికి మరో దారి తోచలేదు. "ఆగు! అవి ఉపవాసం ఉన్నయ్!"

చెంబు గాలిలోనే నిలిచిపోయింది. ఉపవాసం ఉన్నవారి నోట నీళ్లు పోసిన పాపం ఆమె వంశంలో ఎవరూ మూటగట్టుకోలేదు. "ముందుగాల్నే చెప్పొద్దా!" అని లెంపలు వేసుకొని దిగిపోయింది.

తన సమయస్ఫూర్తికి ఆయన మురిసిపోయింది మధ్యాహ్నం వరకే. నాగమణమ్మ నోట సంగతి విని పక్కింటి కళావతి పసుపుకుంకుమలతో వచ్చింది.

"బాపూ, ఏం వ్రతం?"

"శాకంభరీ వ్రతం."

"ఫలమేంది?"

"వాన," అని ఆయన నోరు జారారు.

నడివేసవిలో ఆ మాట చాలు. సాయంత్రానికి గల్లీ అంతా మిద్దె మీద ఉంది. బుధవారం, పూలమ్మే భిక్షపతి జొన్న మొక్కలకు బంతిదండలు వేశాడు. గల్లీ కుర్రాడు సాయికుమార్ మైకు పెట్టాడు. భజన మిన్నుముట్టింది. తాళం తప్పనిది కళావతి ఒక్కతే. ధర్మసందేహం కలిగిందీ ఆమెకే.

"పెద్దమ్మా, మొక్కలు పస్తుంటే, వ్రతం పట్టిచ్చిన బాపు తింటడా?"

నాగమణమ్మ పొయ్యి ఆర్పివేసింది. విశ్వేశ్వర్ గారికి దక్కింది గ్లాసెడు మజ్జిగ. అయినా ఆయన కుర్చీ వేసుకొని, కుడి వరుస మీద పెట్టిన చూపు మరల్చలేదు.

గురువారం ఉదయం ఉపవాసం విడిపించడానికి గల్లీవాళ్లంతా చెంబులతో మెట్లెక్కారు. ఆయన చేతులు చాచి అడ్డు నిలిచారు. "వ్రతం మొదలువెట్టిన పిల్లనే వచ్చి విప్పాలె! లేకుంటే ఫలం దక్కది!"

అందరూ మెట్ల మీదనే కూర్చున్నారు. పూజిత వారిని దాటుకొంటూ, మూత సందుల నుండి తెల్లని పొగలు జారుతున్న క్యానుతో పైకి వచ్చింది. ఆకులను తెంపిన క్షణాన గడ్డకట్టించే చల్లని ద్రవం అది. సాంబ్రాణి అనుకొని జనం చేతులు జోడించారు.

ఆమె కుడి వరుస ఆకులు తెంపి, కుండీల మట్టి తడిమి ఎగిరి గంతేసింది. "చుక్క గూడ తగలలే! మస్తు కాపలా గాసినవ్ తాతా!"

ఆయన ఛాతీ ఉప్పొంగింది. పూజిత ఎడమ వరుస వైపు తిరిగింది. అక్కడ కుండీలు చెరువులై, మొక్కలు పసుపు పచ్చగా వాలిపోయి ఉన్నాయి.

"ఉపవాసమున్నోళ్ల సుట్టాలకు నీళ్లిస్తే పుణ్యమని రెండు చెంబులు పోసిన బాపూ," అన్నది కళావతి.

"నేను బిందె," అన్నాడు భిక్షపతి.

నాగమణమ్మ కొంగు జార్చి అడ్డుపెట్టింది. ఆమె పక్కన బకెట్టు ఉంది.

"నీళ్లెక్కువైతే వేరు ఇంకో తీరు కబురంపుతది," అని పూజిత నేల మీద చతికిలబడింది. "ఇగ దేనితోని పోల్చాలె? మల్ల విత్తనం కాడికెల్లి!"

విశ్వేశ్వర్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. గల్లీ అంతా తలలు వంచుకొంది.

కళావతి మెల్లగా తల ఎత్తింది. "అంటే... మల్ల ఉపవాసమా?"

"ఊఁ," అన్నది పూజిత.

"ఇంతమందిమి లేమా బిడ్డా! ఈసారి ఎడమ వరుసకు గ్లాసుతోని కొలిచి పోస్తం. పొద్దంత ఒకరం కాపలా ఉంటం!"

ఔనౌనంటూ అందరూ అరిచేసరికి మిద్దె దద్దరిల్లింది. ఏడుపు ఆపుకొంటున్న పూజిత పకపకా నవ్వింది. పని తీరిన కుడి వరుస మీద చెంబులన్నీ ఒక్కసారిగా వంగాయి. మధ్యాహ్నానికల్లా మిగిలిన ఆకులు విచ్చుకొన్నాయి. విశ్వేశ్వర్ గారి రెండవ ఉపవాసానికి సంకల్పం మాత్రం మైకులో సాయికుమార్ చెప్పాడు.

ఈ కథ విన్నవారి చేలకు సకాలంలో వాన, కడుపులకు వేళకు అన్నం, ఇళ్లకు ఇటువంటి ఇరుగుపొరుగు కలుగుగాక!