పాత పెట్టె పదవీ విరమణ

టీవీకి తగిలించి పిల్లలు ఆడుకునే పాత ఆటపెట్టెను ఇంకా ఎన్నాళ్లు అమ్మాలనే జటిల సమస్యపై కంపెనీ వారు ఉన్నతస్థాయి సంఘాన్ని నియమించారు. పెట్టె చెడిపోవడం లేదనీ, జనం కొంటూనే ఉన్నారనీ సంఘం తీవ్ర ఆందోళన వ్యక్తం చేసి, అమ్మకాలను తక్షణం ఆపాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ తీర్మానం మెట్టు మెట్టూ దిగి, చివరికి దుకాణంలో ఆటల విభాగం చూసుకునే మావయ్య నెత్తిన పడింది. పిల్లలంతా అలా పిలవగా పిలవగా ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పాత పెట్టె ఆయనకు కొట్టిన పిండి. కొత్త పెట్టెకేమో ఇంకా ఆటలే తయారు కాలేదు. పాత ఆటలను కూడా ఆడించగలగడమే దాని ఘనత. ఈ ముక్క దాచకుండా, పిల్లాడికి కొనడానికొచ్చిన ఒక తండ్రికి చెప్పి, పాతదే ఇప్పించి పంపినందుకు మేనేజరు ఆయన్ని పిలిపించాడు.

“చూడండీ, పనిచేస్తున్నంత మాత్రాన వస్తువు బతికున్నట్టు కాదు. ప్రగతికి అడ్డం నిలబడితే వస్తువైనా, మనిషైనా...” అంటూ మర్యాదగా ఆగాడు.

“కొత్తదానికి నాలుగు ఆటలొచ్చేదాకా అయినా ఉంచండి సార్.”

“పాతదుంటే కొత్తది ఎవడు కొంటాడయ్యా?”

ఆ వ్యవహారం మొత్తంలో కంపెనీ తరఫున నిజం పలికింది మేనేజరు ఒక్కడే.

మిగిలిన పాత సరుకుతో పాటు మావయ్యనూ సాగనంపారు. వీడ్కోలు సభలో కొత్త పెట్టెను బహూకరించారు. ఇంట్లో భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇందులో ఏం ఆడతారండీ?”

“పాతవే.”

“ఆ మాత్రానికి పాతదే ఇవ్వచ్చుగా!”

ఆమెకు వ్యాపారరహస్యాలు బొత్తిగా తెలియవు.

ఏడాది తిరిగేసరికి ప్రజల తీపి జ్ఞాపకాలపై కంపెనీకి హఠాత్తుగా గౌరవం పుట్టుకొచ్చింది. అదే పాత పెట్టెను బంగారు రంగు అట్టలో పెట్టి, రెట్టింపు ధరకు మళ్లీ విడుదల చేశారు. దాని గురించి చెప్పగల మనిషి కావాలి గనక సగం జీతానికి మావయ్యను రమ్మన్నారు. ఆయనకు ఒళ్లు మండింది. కోపం ఇంటద్దె కట్టదు గనక వెళ్లాడు.

విడుదల రోజున దుకాణం తలుపు తీసేసరికి వీధి చివరిదాకా వరుస. అందరికన్నా ముందు నిలబడ్డవాడు ఆనాటి తండ్రే.

“మీకు అప్పట్లో ఇచ్చానే, పాడైపోయిందా?” అన్నాడు మావయ్య.

“అబ్బే, భేషుగ్గా పనిచేస్తోందండీ. కానీ అది పాతదైపోయింది కదా!”

వెనక వరుసలోని వాళ్లంతా సబబే అన్నట్టు తలలూపారు. ఆ తలల్లో మనదీ ఉందేమో మావయ్య చూడలేదు. ఆయన తల వంచుకుని బిల్లు రాస్తున్నాడు.