స్కేలు పెట్టి గీసిన వాన

లోకమున మగమహారాజులు పలు తెరగులవారు: గురకతో గోడలు కదలించువారు, తడి తువాలును పరుపుపై పారవేయువారు, చెప్పినది తప్ప తక్కినవన్నియు కొని తెచ్చువారు. ఈ గుణత్రయము చాలదన్నట్లు మన కథానాయికయగు ఇల్లాలి మగడు నాల్గవదానిని కూడ ఆర్జించెను. ఆయన వాతావరణ కేంద్రమున రాడార్ అధికారి.

ప్రచండమార్తాండుడు నడినెత్తిన నిప్పులు చెరుగుచుండగా, దూదిపింజ వంటి మబ్బైనను లేని నిర్మల నభోమండలము క్రింద, ఆ ఇంట తలుపులపై, కుర్చీలపై, తుదకు టీవీపై సైతము తడిదుప్పట్లు యుద్ధఖైదీలవలె వ్రేలాడుచుండెను. ఏలయన, వానవచ్చుననియు, బట్టలు మేడపై వేయరాదనియు వారము నుండి రాడార్ ప్రభువుల శాసనము.

"నా దుప్పటి తడిసిన కుక్క వాసనొస్తోందే అమ్మాయ్," అత్తగారు ముక్కు మూసుకొని పలికెను. "ఇవాళ కూడా ఆరకపోతే నీది నేను కప్పుకుంటా. తర్వాత నన్నేమీ అనొద్దు."

ఇంట మిగిలిన పొడిదుప్పటి అదియొక్కటే! రాజ్యము పోవు వేళ రాణి వలె తటాలున లేచి, ఆ వీరాంగన మగనికి ఫోను చేసెను.

"ఏవండీ, ఎండకి కాకులు కూడా నీడ వెతుక్కుంటున్నాయి. వాన ఎక్కడండీ?"

"తెర మీద కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంటేనూ! మా ఆఫీసు నుంచి మనింటి మీదుగా తిన్నగా గీతలా ఉంది."

"వాన ఎక్కడైనా స్కేలు పెట్టి గీసినట్టు కురుస్తుందా?"

"బట్టల సంగతి నువ్వు చూసుకో, మబ్బుల సంగతి నేను చూసుకుంటా."

ఆ వాక్శరము గుండె నాటగా, బకెట్టు చంకనిడి, క్లిప్పుల తూణీరము భుజమున దాల్చి, మెట్టు మెట్టును శత్రుదుర్గమువలె గెలుచుచు ఆమె మేడపైకి దండెత్తెను. అక్కడ, దండెము కట్టు స్తంభముపై, చతుశ్శృంగుడై, హరితనేత్రుడై కొలువుదీరియుండెను వైఫై పెట్టె! మేడపై టీ త్రాగుచు ఫోనులో మబ్బుల బొమ్మలు చూచుకొనుటకై, క్రిందటి వారమే మగడు దండెము విప్పి దానికి పట్టము గట్టెను.

"ఓరీ కొమ్ములకంటకా! నా దండెమును పదభ్రష్టము గావించి సింహాసనమెక్కితివా? నీ కన్నుల కాంతి నేడే ఆర్పకున్న నేను ఈ యింటి కోడలనే కాను!"

"ఎవరితోనే ఆ పోట్లాట?" క్రిందనుండి అత్తగారు. "వాణ్ణి అనాలంటే వాడొచ్చాక అను!"

వీరాంగన ప్లగ్గు పెరికెను. హరితనేత్రములు మూతపడెను. దండెము బిగిసెను, దుప్పట్లు జయపతాకలై రెపరెపలాడెను. అంతలో ఫోను మ్రోగెను.

"ఏమోయ్, వాన ఆగిపోయింది! కుళాయి కట్టేసినట్టు, టక్కున!"

"నేనే ఆపాను."

"వేళాకోళమా?"

"మీ కొమ్ముల పెట్టె ప్లగ్గు పీకానండీ. దండెం కట్టుకోవద్దూ?"

ఆయన తెరకు మొగమానించి, "ఒక్కసారి మళ్లీ పెట్టు... అయ్యో, వచ్చింది! తీసెయ్... పోయింది!"

ఆమె అడుగకయే ఇంకొకమారు పెట్టి తీసెను. నగరముపై వాన కురిపించి ఆపు భాగ్యము ఎందరు ఇల్లాండ్రకు దక్కును?

మేఘాన్వేషణకై రాడార్ విసరు తరంగముల బాటలోనే ఆ పెట్టెయు గొంతు చించుకొనుచుండెను. ఆ కేకను రాడార్, అది వచ్చు దిక్కున తిన్నగా సాగిన వానజల్లని భ్రమించెను. అధికారికి ఈ జ్ఞానోదయమగుచుండగనే, మేడపైకి చేరిన అత్తగారు తన దుప్పటి అంచు తడిమి, ఒక మూల పొడిగా ఆరినదని దిక్కులు పిక్కటిల్ల చాటి, ఫోను లాగుకొనెను.

"ఏరా, ఏమంటావిప్పుడు?"

"తప్పు నాదేనమ్మా," గుసగుసగా.

"ఎండలో వినబడట్లేదురా."

"తప్పు నాదే!" అని ఆయన యరచిన యరుపునకు ఆఫీసంతయు తలలెత్తి చూచెను.