బాద్షా మెడకు చెమట పట్టీ

ఖానాపూర్‌లో సుధాకర్ పెండ్లికి ఏర్పాట్లన్నీ సక్రమంగా పూర్తయ్యాయి. గుర్రం మెడ ఒక్కటే మిగిలింది.

గుర్రం పేరు బాద్షా. యజమాని అంతయ్య. ప్రతి బారాత్‌లోనూ పెండ్లివారు దాని నోట్లో లడ్డూలు కుక్కి సెల్ఫీలు దిగడం ఇక్కడి ఆచారం. ఆ గౌరవమంతా మెడమీద కొవ్వుగా పేరుకుంది. ట్రయల్ ఫొటోలో మెడ నిండుగా వచ్చింది; వెనక పెండ్లికొడుకు తలపాగా తురాయి మాత్రమే వచ్చింది.

వరుని తండ్రి లక్ష్మణ్ సేటు రాబోయే ఎన్నికల్లో నిలబడే మనిషి. వెంటనే బంధుమిత్రుల సమావేశం పెట్టాడు.

"కొడుకు మొఖం కానరాని బారాత్‌కు డ్రోన్ ఎందుకు? ఈ మెడ తగ్గి తీరాలె!"

చప్పట్లు మోగాయి. కొడుకు ఎత్తే పెంచాలన్న ప్రతిపాదన సమయాభావం వల్ల వీగిపోయింది. సేటు అల్లుడు అరుణ్ ఆన్‌లైన్‌లో చెమట పట్టీ తెప్పించాడు. దళసరి రబ్బరు గుడ్డ. మెడకు చుడితే చెమట కారి మెడ సన్నబడుతుందట.

పద్ధతిగా ఉండాలని పశువుల డాక్టరు గ్రేస్‌ను కూడా పిలిచారు.

"చెమటతోని పోయేది నీళ్లే, కొవ్వు గాదు," అందామె. "మళ్ల నీళ్లు తాగంగనే మెడ ఎప్పటి లెక్కనే అయితది. దాణా తగ్గించుండ్రి, రోజు నడిపించుండ్రి. కట్టాలనే ఉంటే నీడల కట్టి, పక్కనే ఉండి, జరసేపట్ల విప్పుండ్రి. ఎండల మాత్రం కట్టద్దు."

ఆమె సలహాను సభ ఏకగ్రీవంగా అభినందించింది. శాలువా కప్పింది. మే నెల కాబట్టి ఆమెకూ చెమట పట్టింది.

పెండ్లినాడు పొద్దున్నే పట్టీ బిగించారు. డాక్టరమ్మ చెప్పినవాటిలో ఒక్క మాటను మాత్రం తు.చ. తప్పక పాటించారు. నీళ్లు తాగితే మెడ మళ్లీ వస్తుంది గనుక బకెట్ దాచేశారు.

"సేటూ, అది నా బిడ్డ లెక్క. దానికేమన్న అయితే నేను బతుకనే," అన్నాడు అంతయ్య.

"ఫికర్ చెయ్యకు, నేనున్న గద!" అని సేటు కారెక్కి ఏసీ వేయించుకున్నాడు.

నడి ఎండలో బారాత్ కదిలింది. డీజే అందుకుంది. బాద్షా ముందుకు తూలింది. వెనక్కి తూలింది.

"సేటూ, గుర్రం పడిపోతాంది!" అని అరిచాడు అంతయ్య.

కారు అద్దం కొద్దిగా దిగింది. "పడుడేందిరా, స్టెప్పేస్తాంది! బారాత్ గుర్రం కాదా? సౌండ్ పెంచుండ్రి!"

బాద్షా మోకాళ్లు వంగాయి. ఈలలు చెవులకు చిల్లులు పొడిచాయి. నాగిని డాన్సేనని అనుభవజ్ఞులు తేల్చారు. పెండ్లికొడుకు మేనత్త లింగవ్వ గుర్రానికి దిష్టి తీసింది.

అంతయ్య పెండ్లికొడుకు కాలు పట్టి గుంజాడు.

"దిగు కొడకా! నీకు పెండ్లి మళ్లయినా అయితది. నాకు గిసొంటి గుర్రం మళ్ల దొరకది!"

పట్టీని పరపరా ఊడబీకి, గుర్రాన్ని వంటల పందిరి కిందికి నడిపించి, గంగాళాల కొద్దీ నీళ్లు కుమ్మరించాడు. బాద్షా తాగింది, తాగింది, తాగుతూనే ఉంది. పొద్దుగూకేసరికి మెడ ఎప్పటిలాగే బలిసి నిలబడింది. అంతయ్య దాన్ని కావలించుకొని ఏడ్చాడు.

సుధాకర్ మండపానికి నడిచే వెళ్లాడు. దారి పొడుగునా మొహం స్పష్టంగా కనబడింది. డ్రోన్ గుర్రం వెంట పోయింది.

ఆ వీడియో నిర్మల్ నుంచి ఆసిఫాబాద్ దాకా ప్రతి ఫోన్‌లోనూ ఆడింది. బాద్షా ప్రాణం ఎలా ఉందని అడిగిన ఫోను ఒక్కటీ రాలేదు. "మా బారాత్‌ల గూడ గదే స్టెప్పు ఉండాలె" అన్న ఫోన్లకు మాత్రం లెక్కలేదు.

అంతయ్య ఎవరినీ నొప్పించడం లేదు.

"తప్పకుంట ఉంటది. కని పట్టీ గుర్రానికి కట్ట, పెండ్లికొడుకు మెడకు కడత. నీళ్లు బంద్."

ఇప్పటికి ముగ్గురు తండ్రులు ఒప్పుకున్నారు. మెడ కొలతలు కూడా పంపారు.