రెండువేల మూడొందల వాట్ల వేణ్ణీళ్లు

నవ్వనంటే చెబుతాను. నవ్వినా చెబుతాను, ఎలాగూ ఊరంతా నవ్వడం అయిపోయింది.

మా ఊరు పాడేరుకు జీపులో అరగంట. నా పేరు పైడయ్య, ఆశ్రమ పాఠశాలలో డ్రాయింగు మాస్టారిని. నా భార్య రత్నాలు ఈమధ్య ఇంటి పక్క రెండు గదులకూ సున్నం కొట్టించి హోమ్‌స్టే పెట్టింది. కొండమీంచి మబ్బులు చూడ్డానికి విశాఖ నుంచి మొట్టమొదటి గెస్టులు వచ్చారు. ఫణీంద్ర గారు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. డిసెంబరు చలిలో ఆరింటికి జీపెక్కేలోపు అందరికీ వేణ్ణీళ్లు ఇస్తానని రత్నాలు ముందే మాటిచ్చింది. ఆ మాట తప్పితే ఫోన్లో ఒక్క స్టారు పడేసి పోతారు, ఆ తరవాత మా గుమ్మం ఎవరూ తొక్కరు. ఆవిడ బెంగంతా అదే.

"నాలుగున్నరకి లెగిసి పొయ్యి ఎలిగించు. టిఫినీ సంగతి నాను సూసుకుంతాను" అంది.

ఏడు కొట్టకముందు నా ముక్కు దుప్పట్లోంచి బయటికి రావడం, పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఎవరూ చూడలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు చూడాలి? అందుకని ఒక ఉపాయం ఆలోచించాను.

అటక మీద పాత హీటరు రాడ్డు ఒకటి ఉంది. దానిమీద అంకెలన్నీ చెరిగిపోయాయి. ఎలక్ట్రీషియన్ యర్రయ్య దగ్గర మీటరు అరువు తెచ్చి, మిట్టమధ్యాహ్నం రాడ్డును బకెట్లో పెట్టి, పదో తరగతి భౌతికశాస్త్రం ముందేసుకుని కూర్చున్నాను. మొదటిసారి కనబడ్డ అంకెలన్నీ గుణించేస్తే యాభై రెండువేల తొమ్మిదొందల వాట్లు వచ్చింది. మండలం మొత్తానికి తలంటు పోయొచ్చు. ఎక్కడో తేడా ఉందనిపించి మళ్లీ మొదలుపెట్టాను.

సాయంత్రం రత్నాలు వచ్చింది. "ఏటి సేత్తన్నావు?"

"లెక్క. వోల్టేజీ రెండొందల ముప్పై, కరెంటు పది ఆంపియర్లు. భాగిస్తే రాడ్డు నిరోధం ఇరవై మూడు ఓమ్‌లు. గుణిస్తే రెండువేల మూడొందల వాట్లు."

"గుణించి భాగించి ఏటి తేల్సేవు?"

"నలభై లీటర్ల డ్రమ్ము ముప్పావుగంటలో కాగుతుందని తేల్చాను. ఐదింటికి స్విచ్చేసి మళ్లీ పడుకోవచ్చు."

ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. "రెండొందల ముప్పై అన్నది ఎప్పుడు సూసేవు?"

"మధ్యాహ్నం. ఎప్పుడు చూస్తేనేం, అంకె అంకే."

"సరే. ఈ కాయితం నాకియ్యి" అని పట్టుకుపోయింది. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

తెల్లారగట్ల ఐదింటికి ఒంటికన్నుతో లేచి, రత్నాలు టిఫినీ పనిలో ఉందనుకుని, ముందుగదిలోని డ్రమ్ములో రాడ్డు పెట్టి, స్విచ్చేసి మళ్లీ దుప్పట్లో దూరాను. ఐదూ ముప్పావుకి వచ్చి స్విచ్చాపి నీళ్లలో వేలు పెట్టాను. చలి విరిగిందంతే, వేడి ఊసే లేదు. మళ్లీ స్విచ్చేసి మీటరు చూస్తే వోల్టేజీ నూటనలభై.

ఇక్కడే నా బుర్ర తిరగడం మొదలైంది. వాట్లు రెండువేల మూడొందలే కదా, వోల్టేజీ తగ్గితే ఆంపియర్లు పెరగాలి. భాగించి చూస్తే పదహారు. వైరు కాలిపోతుందని రెండడుగులు వెనక్కి గెంతాను. తీరా కొలిస్తే మీటరు ఆరు ఆంపియర్లే చూపించింది. పదహారు ఉండాల్సిన చోట ఆరేమిటో అర్థం కాలేదు. మీటరుకు కూడా చలి పట్టిందనుకున్నాను.

ఇంట్లో లైట్లార్పితే ఆ కరెంటు డ్రమ్ములోకి వస్తుందని తోచి, అన్నీ టపటపా ఆర్పేశాను.

"సబ్బు కళ్లల్లో పడిందండీ, లైటేదీ?" అని బాత్రూంలోంచి ఫణీంద్ర గారి కేక. పాపం, చన్నీళ్లతోనే మొదలెట్టేశారా అనుకున్నాను. లైట్లు మళ్లీ వేసి పక్కింటికి పరిగెత్తాను.

పక్కిల్లు ఉదయ్‌ది. ఆరు గదులు, ఆరు గీజర్లు. ఊళ్లో అతన్ని గీజర్ల ఉదయ్ అనే అంటారు.

"ఒక్క పావుగంట గీజర్లు ఆపు నాయనా, మాకు వోల్టేజీ రావట్లేదు" అన్నాను.

"మా గెస్టులు తానాలు సెయ్యొద్దా మాస్టారూ? నానొక్కడినీ ఆపితే ఏటవుద్ది? పొద్దున్న ఊరంతా గీజర్లేసుకునే ఉంతారు. మద్దినేళ అందరూ కాపీ తోటల్లో పళ్లు కోస్తంటారు, కరెంటు వాడేవోడే ఉండడు."

నేను కొలిచింది ఆ వాడేవాడు లేని వేళ. దించిన తలతో ఇంటికొచ్చాను.

వచ్చేసరికి ఫణీంద్ర గారి పిల్లలిద్దరూ తలల మీంచి ఆవిర్లు కక్కుతూ వసారాలో గెంతుతున్నారు. పెరట్లో పొయ్యి భగభగా మండుతోంది. దానిమీద రెండు పెద్ద డేగిసాలు, పక్కనే రత్నాలు.

"నువ్వెప్పుడు లేచావు?" అన్నాను.

"నాలుగున్నరకి. ఫ్రిజ్జి స్టెబిలైజరు మీద అంకె పడతాది కదా, రోజూ ఈ ఏళకి అది నూటనలభయ్యే. నీ కాయితం మీద రెండొందల ముప్పై కొట్టేసి అదెట్టేను. రాడ్డు అదే కాబట్టి దాని నిరోధం ఇరవై మూడు మారదు. భాగిస్తే ఆరు ఆంపియర్లు. ఆరుని నూటనలభైతో గుణిస్తే ఎనిమిదొందల నలభై వాట్లు. నువ్వు సెప్పినదాన్లో మూడోవంతు. అంటే నీ డ్రమ్ము కాగేసరికి ఏడవుద్ది. జీపేమో ఆరింటికి."

"రాత్రే చెప్పొచ్చు కదా?"

"సెప్తే నా మాట ఇంతావేటి? పుస్తకం నీ సేతిలో ఉంటే."

ఇంతలో ఫణీంద్ర గారు తల తుడుచుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "మాకోసం నాలుగున్నరకే లేచి పొయ్యి వెలిగించారట, మేడం చెప్పారు. ఈ చలిలో ఎంత శ్రమ మాస్టారూ."

రత్నాలు వైపు చూశాను. తనకేమీ వినబడనట్టు పొయ్యిలో కట్టె ఎగదోస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. పదిమందిలో నా పరువు నిలబెట్టినందుకు ఆవిడ మీద ప్రేమ కూడా పొంగుకొచ్చింది. "ఎంతమాటండీ, రోజూ ఉన్నదే" అనేశాను.

ఆ ఒక్క ముక్కా అనకుండా ఉండాల్సింది.

సాయంత్రానికి ఐదు స్టార్లు పడ్డాయి. కింద ఇలా రాశారు: "ఇంటాయన రోజూ నాలుగున్నరకే లేచి, కట్టెల పొయ్యి మీద స్వయంగా నీళ్లు కాచి ఇస్తారు. ఇలాంటి మనిషిని చూడ్డానికైనా వెళ్లాలి."

అప్పట్నుంచి ఫోను చేసిన ప్రతివాళ్లూ మబ్బుల కంటే ముందు నా గురించే అడుగుతున్నారు. "లెగుత్తారండి, ఒక్కరోజు కూడా తప్పరు" అని రత్నాలు నావైపు చూస్తూ చెబుతుంది. కొందరు నేను పొయ్యి ఊదుతుండగా ఫొటో కూడా తీసుకుంటున్నారు.

రేపు ఎనిమిది మంది దిగుతున్నారు. ఇంకా కట్టెలు కొట్టలేదు, వస్తాను మరి.