ఒక్క 'క' చేసిన మేలు

నడక మనిషికి పడదు. వైద్యులు ఇన్నేళ్లుగా దాచిపెట్టిన ఈ నిజాన్ని మా మున్సిపాలిటీ ఒక్క అక్షరంతో బయటపెట్టింది.

మా ఊరికీ పక్క ఊరికీ మధ్య పొలాల్లోంచి ఒక కాలిబాట. అందులో మోటారు సైకిళ్లు జొరబడి, నడిచేవాళ్లను పొలాల్లోకి నెట్టేస్తున్నాయని జనం మొరపెట్టుకున్నారు. అధికారులు కరుణించి రెండు చివర్లా బోర్డులు పెట్టించారు. పై వరుసలో 'వాహనాలు నడపకండి', కింది వరుసలో 'నడవండి' అని ఉండాలి. పై వరుస దివ్యంగా ఉంది. కింద 'నడవకండి' అని ఉంది!

పెయింటర్ దగ్గరికి వెళ్లాను. కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని కుంచెలు కడుక్కుంటున్నాడు.

"పైన 'కండి' ఉంది సార్, కిందేమో లేదు. బోసిగా అనిపించింది. నేనే ఓ 'క' వేశా. ఇప్పుడు చూడండి, జత ఎంత బాగా కుదిరిందో."

కుదిరిందనే చెప్పాలి. ప్రాస కోసం అర్థాన్ని గాలికొదిలేసిన కవులను మనం శాలువాలు కప్పి సత్కరించడం లేదా? పాపం, ఈయనకు శాలువా మాట అటుంచి కుర్చీ కూడా లేదు.

అసలు అద్భుతం ఆ తర్వాత జరిగింది. జనం బోర్డు మాట విన్నారు! 'ఇక్కడ చెత్త వేయరాదు' అన్న బోర్డునే గురి చూసి చెత్త విసిరే మా ఊరు, 'నడవకండి' అనగానే బుద్ధిగా ఆగిపోయింది. మోటారు సైకిళ్లకు ఈలోగా ఊళ్లన్నీ చుట్టివచ్చే కొత్త రోడ్డు పడింది. బాట ప్రశాంతంగా నిద్రపోయింది.

లాభాలు చెప్పమంటారా? మా పక్కింటాయనకు షుగరు. ఇదివరకు పక్క ఊరిదాకా నడిచి వచ్చేవాడు. ఇప్పుడు డాబా మీద నీళ్ల ట్యాంకు చుట్టూ తిరుగుతున్నాడు. ఎంత తిరిగినా ఏ ఊరూ రాదు. ఊరు వస్తే ఎవరో ఒకరు ఎదురుపడతారు, పలకరించాలి, వాళ్ల మోకాళ్ల సంగతి వినాలి. ఆ బెడద వదిలింది.

ఇక బస్సు. బాటలో నడిస్తే పక్క ఊరు ఇట్టే వచ్చేసేది. బస్సయితే ఊళ్లన్నీ చుట్టి, డిపోలో కునుకు తీసి, తాపీగా చేరుస్తుంది. టిక్కెట్టు ఒక్క ఊరికి, విహారం జిల్లా అంతా! ఇంతకన్నా ఏం కావాలి?

నాకూ మేలే జరిగింది. పక్క ఊళ్లో మా అక్క ఉంది. ఆవిడకు బస్సు పడదు, మలుపు తిరిగితే కడుపులో తిప్పుతుంది. అందుకని అటునుంచి ఆవిడా ఇటునుంచి నేనూ బయల్దేరి, మధ్యలో పంట కాలువ తూము మీద కూర్చునేవాళ్లం. "చిక్కిపోయావురా" అనేది అక్క, నా చొక్కా గుండీలు పట్టని రోజుల్లో కూడా. ఆమె ఇంటికి నేను బస్సులో వెళ్లొచ్చు, వెళ్లాను కూడా. కానీ అక్కడ ఆవిడ బావకు భార్య, పిల్లలకు తల్లి, పొయ్యికి కాపలా. తూము మీద మాత్రమే నాకు అక్క. ఇంట్లో అనలేని మాటలు అక్కడ అనేది. ఒక్కోసారి ఏడ్చేది. ఆ బాధ కూడా ఇప్పుడు నాకు తప్పింది చూడండి.

అయినా కృతజ్ఞత లేనివాణ్ణి, ఇంజనీరు గారిని కలిశాను.

"ఆ 'క' ఒక్కటి చెరిపేస్తే చాలు కదండీ?"

"బోర్డు మొత్తంగా మంజూరైందండీ, అక్షరాల లెక్కన కాదు. మీటింగులో పెట్టాలి."

"పోనీ నేనే చెరిపేస్తాను."

"కేసవుతుంది. పెద్దవారు, మీకెందుకండీ ఇవన్నీ?"

మీటింగులో పెట్టారు. వాయిదా వేశారు. మళ్లీ పెట్టారు. ఈలోగా బాటకు ఇటు పొలం ఆయన ట్రాక్టరు తిప్పుకోవడానికి కాస్త లోపలికి జరిగాడు. అటు పొలం ఆయనకు రోషం వచ్చి ఇంకాస్త జరిగాడు. ఎవరూ నడవని బాటకు అడ్డు చెప్పేదెవరు?

మొన్న బోర్డు సరిచేశారు. స్వయంగా ఇంజనీరు గారే ఫోన్ చేసి చెప్పారు. నేను వెంటనే అక్కకు చెబుదామని చేస్తే, అప్పటికే చూసి వచ్చిందట.

"బోర్డు బాగుందిరా. బాటే లేదు. ముళ్లకంచె కట్టేశారు."

సరే, ఫోన్లు ఉన్నాయి కదా! ఎండ లేదు, దుమ్ము లేదు, చెప్పులు అరగవు. అన్నీ ఇంట్లోంచే మాట్లాడుకోవచ్చు.

"ఎలా ఉన్నావక్కా?" అన్నాను.

వెనకాల టీవీ మోగుతోంది. బావ ఎవరినో కేకలేస్తున్నాడు.

"బాగానే ఉన్నానురా."

తూము మీదైతే ఇంకోసారి అడిగేవాణ్ణి.